చురుక్కుమన్నప్పుడే మాత్ర

2022. కోరుట్లలో చర్మవ్యాధుల డాక్టరమ్మ క్లినిక్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. కథలాపూర్ వైపు నుంచి బీడీలు చేసే రజిత వచ్చింది. జననాంగాల దగ్గర నీటి పొక్కులు, మంట. తగ్గుతాయి, మళ్లీ వస్తాయి. జెనిటల్ హెర్పిస్ అది. వైరస్ నరాల్లో దాక్కుని అప్పుడప్పుడూ లేస్తుంది. పూర్తిగా పోదు గానీ మందుకు లొంగుతుంది.

భర్త దుబాయ్ నుంచి సెలవు మీద రాబోతున్నాడు. "గాయన రాకముందే తల్లిగారింటికి పోత సిస్టర్. ఇది జూస్తే నన్నేమనుకుంటడు?" అని ఏడ్చింది. ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండే జబ్బు, ఎవరి నుంచి వచ్చిందో చెప్పలేమని డాక్టరమ్మ అన్నా చెవికెక్కలేదు. మొదలవ్వగానే వేసుకోమని యాంటీవైరల్ మాత్రలు ముందే ఇచ్చి పంపాం.

అయినా మళ్లీ నిండా పొక్కులతో, నడవలేక నడవలేక వచ్చింది. నాకు కోపమొచ్చింది.

"గోలీలు ఎప్పుడేసుకున్నవే?"

"పొక్కులన్ని ఎల్లినంక. తల్లి పోసినప్పుడు అంత బయటికి ఎల్లకముందే మందేస్తే లోపటికి కొడ్తదంటరు గద?"

ఓసి పిచ్చిదానా! అమ్మవారికి పాటించే పద్ధతి దీనికీ పాటించింది!

"పొక్కులు రాకముందు ఏమన్న తెలుస్తదా?"

"తొడ పక్కకు చురుక్కుమంటది. బీడీల చాట ఒళ్లె పెట్టుకొని కూసోబుద్ధి కాదు."

"గదే! పాలు పొంగినంక మంట తగ్గిస్తవా, పొంగకముందా? చురుక్కుమనంగనే ఏసుకో."

డాక్టర్లు ప్రోడ్రోమ్ అనేది ఆ ముందస్తు చురుకునే.

కొన్నాళ్లకు ఫోన్. "సిస్టర్! చురుక్కుమన్నది, చాట పక్కకు వెట్టి గోలి ఏసుకున్న. ఒక్క పొక్కు ఎల్లలే!" నేను వేసిన కేకకు డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. ప్రతిసారీ ఇంత బాగా ఆగకపోవచ్చని, చురుకున్నన్ని రోజులు భర్తకు దూరంగా ఉండాలని, పొక్కులు లేకపోయినా అంటొచ్చు కాబట్టి అతనికి చెప్పాల్సిందేనని ఫోన్‌లోనే చెప్పింది. రజిత ఈసారి విన్నది. తల్లిగారింటికి పోలేదు.

భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. నేను విషయం చెప్పడానికి నోరు తెరిచేలోపే అతను తల వంచుకున్నాడు.

"ఈమె గోలీలు జూసి గుర్తువట్టిన. నాకు గూడ వస్తది సిస్టర్. ఆడ దుబాయ్‌ల దవఖానల జూపెట్టుకున్న. చెప్తే ఈమె నన్ను ఇడిసిపెడ్తదని భయపడ్డ."

రజిత అతని భుజం మీద ఒక్కటేసి భోరుమంది. నాకూ కళ్లు నిండాయి, సంతోషంతో.

ఇప్పుడు ఎవరికి మాత్రలిచ్చినా, ఎప్పుడు వేసుకోవాలో చెప్పే ముందు ఒకటి అడుగుతాను: "ఇసొంటిదానికి మీ ఇంట్ల పెద్దోళ్లు ఏం జేయమంటరు?"