రాజన్న పన్నెండు వారాలు

రాజన్న మా రూములో అందరికంటే పెద్దవాడు, అందరికంటే తక్కువ మాట్లాడేవాడు. నలభై ఎనిమిదేళ్ళు. జగిత్యాల పక్కన మా ఊరివాడే. ఖతర్‌లో పదమూడేళ్ళుగా స్టీల్ ఫిక్సర్. పేరు గొప్పగానే ఉంటుంది గానీ పని మాత్రం పొద్దంతా ఎండలో గొంతుక్కూర్చుని, ఇనుప కడ్డీలను సన్నతీగతో ముడి వేస్తూ పోవడం. నేను అదే కంపెనీలో టైమ్ కీపర్‌ని. డిగ్రీ చదివినందుకు కోపం కూడా ఒక క్లాసు ఎక్కువేనని రూములో నన్ను వెక్కిరిస్తారు. నిజమే కావచ్చు. ఇది రాస్తున్నప్పుడూ కోపంగానే ఉంది. సగం రాజన్న మీద, సగం నా మీద.

2014లో అల్ వుకైర్ వైపు ఒక సైటులో చెక్క పలక జారి రాజన్న గుంతలో పడ్డాడు. కుడికాలి చీలమండ విరిగింది. ఎముక అతికింది గానీ వంకరగా అతికింది. రెండు నెలలు దాటగానే డ్యూటీ ఎక్కాడు. అప్పటికే వరల్డ్ కప్ పేరుతో ఊరంతా తవ్వి పోశారు. రోడ్లు, మెట్రో, స్టేడియాలు, ఎక్కడ చూసినా కడ్డీలు కట్టేవాళ్ళ కోసమే పిలుపు. యల్లా యల్లా అని తరిమేవాళ్ళే తప్ప, ఆ కాలు ఒకసారి చూపించుకో అన్నవాడు లేడు. పక్క మంచం మీద పడుకునే నేనూ అనలేదు. నాలుగేళ్ళు అలా ఈడ్చుకుంటూ నడిచి, 2018 అక్టోబరు చివర్లో ఒకరోజు బస్సు మెట్లు ఎక్కలేక అక్కడే కూలబడ్డాడు.

ఆసుపత్రిలో దుబాసీని నేనే. కీలు పూర్తిగా అరిగిపోయిందనీ, అక్కడి ఎముకలను మరలతో బిగించి ఒకటిగా అతికించాలనీ డాక్టరమ్మ చెప్పింది. నొప్పి పోతుంది. పాదం మాత్రం ఇక పైకీ కిందికీ వంగదు.

రాజన్న ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. “గొంతుక్కూసుండ వస్తదా అడుగు.”

అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది. అంటే పదమూడేళ్ళ పనికి ఆ గదిలోనే నీళ్ళు వదులుకున్నట్టు. ఆ తర్వాత ఆమె రెండు షరతులు పెట్టింది. పన్నెండు వారాలు ఆ కాలు నేలకు తగలకూడదు. పొగాకు ఏ రూపంలోనూ ముట్టకూడదు. సిగరెట్టయినా, బీడీ అయినా, నమిలేదైనా సరే. పొగాకు వల్ల ఎముకకు రక్తం అందదు, ఎముక అతకదు. నేను ప్రతి ముక్కా రెండుసార్లు చెప్పాను. రాజన్న సరే అన్నాడు.

మా ఫోర్‌మన్ ఇక్రాముద్దీన్ హైదరాబాదు పాతబస్తీవాడు. నోరు చెడ్డది, మనసు మంచిది. ఆపరేషను ముందురోజు రూముకు వచ్చి రాజన్న మంచం అంచున కూర్చున్నాడు.

“దేఖో రాజన్నా, టూల్ రూమ్‌లో కూర్చునే పని ఉంది. టోకెన్ తీసుకో, సామాను ఇయ్యి, అంతే. ఫిబ్రవరి తక్ ఆ కుర్సీ నేను ఎవరికీ ఇయ్య. ఎక్స్‌రే మంచిగ వచ్చిందంటే నీదే. ఖరాబ్ వచ్చిందంటే ఆఫీసుల నా మాట నడ్వదు.”

కాబట్టి విషయం ఇంతే. ఎముక అతికితే రాజన్నకు కుర్చీ, లేకపోతే టికెట్టు.

నవంబరు మొదటివారంలో ఆపరేషను అయింది. మోకాలి దాకా కట్టుతో రూముకు వచ్చాడు. కింది మంచం ఖాళీ చేసి ఇచ్చాం. కాలు గుండెకంటే ఎత్తులో ఉండాలన్నారు కనుక తలా ఒక దిండు త్యాగం చేశాం. క్యాంపులో ఉన్నవన్నీ కింద కూర్చునే మరుగుదొడ్లే. మా వంటమనిషి మారుతి ప్లాస్టిక్ కుర్చీ నడుమ రంపంతో రంధ్రం కోసి రాజన్నకు సింహాసనం తయారుచేశాడు. స్నానానికి కాలికి చెత్త సంచి చుట్టి టేపు వేసేవాళ్ళం. ఎంత వేళాకోళం చేసినా రాజన్న నవ్వేవాడు. నొప్పి ఎక్కువైన రోజు నవ్వు కూడా కాస్త ఎక్కువే ఉండేది. ఆ సంగతి నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఇంట్లో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే భార్య గౌరవ్వ ఏడుస్తుందని, ఉన్నపళంగా వచ్చెయ్యమంటుందని అతని భయం. పోయి మంచాన పడినవాణ్ణి కంపెనీ మళ్ళీ పిలవదు. అందుకని ఒక కథ అల్లాడు. తనకు నైట్ డ్యూటీ పడిందట, పగలంతా ఖాళీయేనట. నెట్ బాగా రావట్లేదని వీడియో మానేశాడు. తెల్లవారుజామున మేమంతా బస్సులెక్కి వెళ్ళిపోయాక, ఎనిమిది మంచాల రూములో ఒక్కడే పైమంచం రేకును చూస్తూ పడుకోవాలి. ఇక్కడ పది గంటలకు ఫోన్ చేస్తే అక్కడ పన్నెండున్నర, గౌరవ్వ అన్నం తిని, చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టడానికి కూర్చునే వేళ. మా వైపు ఆడవాళ్ళలో సగం మందికి అదే పని. ఇరవై రెండేళ్ళుగా ఆమె వేళ్ళు ఆగింది లేదు. ఫోన్ స్పీకర్లో పెట్టి పక్కన పడేసేది. ఆమె తునికాకు కత్తిరించే చప్పుడు, ఇరుగుపొరుగు సంగతులు, కోపాలు అన్నీ ఇతను ఇక్కడ కళ్ళు మూసుకొని వినేవాడు.

నవంబరు చివర్లో నేను సెలవు మీద ఊరెళ్ళాను. బయల్దేరే ముందు రాజన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఇంట్ల నోరిప్పకు నగేష్. నీకు దండం పెడ్త.”

“చెప్పుకుంటె ఏమైతదన్నా?”

“ఏం గాదు. గని చెప్పకు.”

ఊళ్ళో గౌరవ్వ నాకు కోడికూర చేసి పెట్టింది. వడ్డిస్తూ, “సలికాలం గదా, ఆయనకు పాత దెబ్బ గుంజుతలేదా?” అని అడిగింది. నేను ముద్ద మింగి, మంచిగున్నడు వదినా అన్నాను. అంత మంచి కూర అంత చేదుగా ఎప్పుడూ తినలేదు. తిరుగు ప్రయాణం ముందురోజు పొట్లం తెచ్చి ఇచ్చింది. మామిడి తొక్కు, సర్వపిండి, వాటి నడుమ పది కట్టల బీడీలు. బీడీ కంపెనీకి ఇచ్చే సరుకు కాదు, మొగుడికోసం లేత ఆకు ఏరి చేసినవి. ఎవరు సెలవు మీద వచ్చినా ఆమె పంపేది అదే.

ఇక్కడ మావాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. సెలవు నుంచి వచ్చేవాడి సంచిలో సగం ఊరిదే. ఎవరింటి సామాను వాళ్ళవాడికి ముట్టజెప్పాలి. విప్పకూడదు, తగ్గించకూడదు, ఎందుకని అడగకూడదు. ఇందులో తేడా చేసినవాడి చేతికి మళ్ళీ ఎవరూ పొట్లం ఇవ్వరు, పైగా మండలమంతా పేరు చెడుతుంది. నాకు బీడీల సంగతి తెలుసు, డాక్టరమ్మ మాట అందరికంటే బాగా తెలుసు. విమానంలో నాలుగు గంటలు ఆలోచించాను. తీసి పారేద్దామనుకున్నాను. గౌరవ్వ ఫోన్‌లో ముట్టినయా అని అడిగితే ఏం చెప్పాలి? చివరికి మంచివాణ్ణనిపించుకోవడమే నాకు ఎక్కువైంది. పొట్లాన్ని పొట్లంగానే తెచ్చి రాజన్న ఒళ్ళో పెట్టాను. “బీడీలు మారుతికియ్యి అన్నా, నువ్వు ముట్టకు,” అని ఒక మాట పారేసి, నా పని అయిపోయిందనుకున్నాను.

అప్పటికి ఏడు వారాలుగా అతను నిజంగానే ముట్టలేదు.

జనవరి నడుమ జ్వరం వచ్చి ఒకరోజు మధ్యాహ్నమే రూముకు తిరిగొచ్చాను. తలుపు తియ్యగానే బీడీ వాసన. రాజన్న కర్రల సాయంతో కిటికీ దగ్గర కుర్చీలోకి చేరాడు, కట్టుకాలు ఇంకో కుర్చీ మీద ఉంది. ఒడిలో ఫోన్, అందులో గౌరవ్వ గొంతు. వేళ్ళ మధ్య బీడీ. నన్ను చూసి ఫోన్ పెట్టేశాడు. దిండు కింద వెతికితే పది కట్టల్లో నాలుగే మిగిలాయి.

“సిగ్గుండాలె అన్నా! డాక్టరమ్మ ఏం చెప్పింది? నేనేం చెప్పిన?”

“రోజుకు ఒక్కటేరా.”

“ఒక్కటేనా? కట్టకు ఇర్వై ఐదు. ఆరు కట్టలు ఎటు పోయినయ్? గోడలు తాగినయా?”

బీడీని కిటికీ అంచుకు నలిపి ఆర్పాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. “అది అడుగుతదిరా. ఈసారి ఎట్లున్నయని అడుగుతది.”

“మంచిగున్నయని చెప్పరాదు?”

“నీకెర్కలేదు. గట్ల ఒక్క మాటతోని ఇడిశిపెట్టదు. ఆకు పచ్చిగుందా, తంబాకు బిగువైందా, నడుమల ఆరిపోతున్నదా అని ఒక్కొక్కటి అడుగుతది. తాగకుంట ఏం చెప్పాలె? ఇర్వై రెండేండ్ల సంది చేస్తున్నది. దొరకవడ్త. అందుకే ఒకటి ముట్టిచ్చిన.” ఫోన్‌ను ఒళ్ళో తిప్పాడు. “ముట్టిస్తే... దాని పక్కన గడప మీద కూసున్నట్టే ఉన్నదిరా. పొద్దంత ఈ రేకును ఎంతసేపని సూడాలె?”

నా కోపం సగం దిగింది. దిగకుండా ఉంటే బాగుండేది. మిగిలిన నాలుగు కట్టలూ పట్టుకెళ్ళి బయట డబ్బాలో పారేశాను. ఇంకా మూడు వారాలు టైముంది, ఎముక సర్దుకుంటుందిలే అని అతనికి చెప్పాను. నాకు నేనూ చెప్పుకున్నాను. డాక్టరమ్మకు మాత్రం ఫోన్ చెయ్యలేదు.

ఫిబ్రవరి మొదటివారంలో కట్టు కోసి ఎక్స్‌రే తీశారు. సన్నబడి, చర్మం పొలుసులు లేచిన ఆ కాలు చూసి రాజన్నే అది ఎవరి కాలో అన్నట్టు మొహం పెట్టాడు. డాక్టరమ్మ ఫిల్మును వెలుగులో పెట్టి పెన్నుతో చూపించింది. మరలు తెల్లగా మెరుస్తున్నాయి, వాటి నడుమ నల్లని గీత అలాగే ఉంది. అతకలేదు. ఇంకో మూడు నెలలు ఆగి చూడాలి, అప్పటికీ కాకపోతే మళ్ళీ కొయ్యాలి.

“పొగాకు ఏమైనా వాడాడా?” అని అడిగింది.

నేను రాజన్న వైపు తిరిగి తెలుగులో అడగలేదు. అవునని నేనే చెప్పేశాను. ఆమె తిట్టలేదు. కళ్ళజోడు తీసి, కాగితం మీద ఏదో రాసుకుంది. తిట్టినా బాగుండేది.

గురువారం ఇక్రాముద్దీన్ వచ్చాడు. ఈసారి మంచం అంచున కూర్చోలేదు. “మూడు నెలలు ఎవరూ ఆగరంట రాజన్నా. లాంగ్ లీవ్ అంటున్నరు. కాలు మంచిగయినంక ఫోన్ చెయ్యమన్నరు.” ఆ మాటకు అర్థం ఏమిటో ఆ రూములో ఎవరికీ వివరించనక్కర్లేదు. వచ్చే గురువారానికి టికెట్టు.

మర్నాడు శుక్రవారం. అందరూ ఏషియన్ టౌన్‌కు సినిమాకు వెళ్ళారు. నేను వెళ్ళలేదు. ఫోన్ తీసి రాజన్న చేతిలో పెట్టాను.

“ఇయ్యాల చెప్పాలె అన్నా. వారంల ఇంటి ముందట దిగుతవు, అప్పుడు ఆ కాలును ఏడ దాస్తవు?”

చేశాడు. స్పీకర్లో గౌరవ్వ గొంతు ఎప్పటిలాగే గలగలమంది. “ఏమయ్యా, డ్యూటీ దిగినవా? తిన్నవా?”

“డ్యూటీ లేదు గౌరవ్వా. మూడు నెలల సంది లేదు.”

మొత్తం చెప్పాడు. మెట్లమీద కూలబడింది, కోసింది, మరలు బిగించింది, ఎముక అతకంది, కుర్చీ పోయింది. అంత పొడుగ్గా అతను మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. అవతల ఆకు కత్తిరించే చప్పుడు ఎప్పుడు ఆగిందో తెలియదు.

గౌరవ్వ అడిగింది. “బొక్క ఇరిగినోళ్ళను ఈడ దవాఖాన్ల తంబాకు తాగొద్దంటరు. నిన్ను గూడ తాగొద్దన్నరా?”

“లే... గట్లేం అనలే. వయసైంది, బొక్కలల్ల బలం లేదన్నరు.”

“నగేష్ ఉన్నడా ఆడ? ఫోనియ్యి.”

“ఇక్కడనే ఉన్న వదినా.”

“నువ్వు చదువుకున్నోనివి. నా ఇంట్ల కూసొని మంచిగున్నడని చెప్పి పోయినవు. ఇప్పుడన్న నిజం చెప్పు.”

రాజన్న నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. రెండు చేతులూ జోడించాడు. ఆ ముఖం చూస్తే ఎవరైనా అబద్ధం చెబుతారు. నేను ఒకసారి చెప్పాను కదా, దాని రుచి నాకు తెలుసు.

“అన్నరు వదినా. ముట్టనే ముట్టొద్దన్నరు. నాకు ఎర్కనే ఉన్నది. ఎర్కుండి నేనే తెచ్చిచ్చిన.”

అవతల గౌరవ్వ ఏడ్చింది. ఆపుకోకుండా, గట్టిగా ఏడ్చింది. “ఏరి ఏరి చేస్తినే... లేత ఆకని ఏరి చేస్తినే... నా చేతులతోని నేనే...”

రాజన్న ఫోన్ లాక్కున్నాడు. “నువ్వేం చేసినవే? నేను చెప్పకపోతి. చెప్తె నువ్వు పంపుదువా?”

“మరి ఎందుకు చెప్పలేదు? నేను పరాయిదాన్నా? మూడు నెలలు రోజు మాట్లాడినవు. ఒక్కనాడన్న నోరు రాలేదా నీకు?”

నాకు అక్కడినుంచి లేచి వెళ్ళాలనిపించింది, లేవలేకపోయాను. గౌరవ్వ ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు మారింది. గట్టిపడింది.

“ఇప్పుడు చెప్పు. ఎట్ల నడుస్తున్నవు?”

రాజన్న నోరు తెరిచాడు. ఎట్లున్నవని అడిగితే పదమూడేళ్ళుగా అతని దగ్గర ‘మంచిగున్న’ అనే ఒకటే జవాబు ఉంది. అది పెదవులదాకా రావడం నేను చూశాను. దాన్ని మింగడం కూడా చూశాను.

“నడుస్తలేను గౌరవ్వా,” అన్నాడు. “ఏర్‌పోర్టుకు నువ్వు రా. నాకు పట్టుకునే మనిషి గావాలె.”