ఫహద్ కుండ ఖాళీ అయిన శుక్రవారం

అల్ సువైక్ ఊరి బయట, ఖర్జూరం తోటల మధ్య, ఫహద్ అనే ఒమానీ ఆయన జపాన్ పల్లెలో నేర్చుకొచ్చిన రామెన్ అమ్ముతాడు. రామెన్ అంటే బ్రహ్మవిద్యేం కాదు, కోడిచారులో వేసిన పొడుగాటి సేమ్యా. దానికోసం శుక్రవారం వస్తే కార్లు రోడ్డు దాకా బారులు తీరతాయి. తినేవాళ్లకు పనిలేదనుకోండి, కడప మహబూబీకి ఆ అంగడితో ఏం పని?

ఉంది. మహబూబీ సువైక్‌లో, చెల్లెలు షబానా బురైమిలో ఇంటిపని చేస్తారు. మధ్య రెండున్నర గంటల దారి. ఇద్దరికీ సెలవన్న మాటే లేదు. యజమానులు ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికే, వాళ్ల పిల్లల్ని ఎత్తుకుని. నాలుగు నెలల కిందట వాళ్లమ్మ పోతే ఇద్దర్నీ పంపలేదు. ఫోన్లో ఏడ్చుకున్నారు, అదీ గిన్నెలు కడుగుతూ. ఒక్కసారి చెల్లెల్ని పట్టుకుని కరువుతీరా ఏడవాలి, మహబూబీ అల్లాను అడిగింది అంతే.

అందుకే ఎవరి మదామ్ చెవిలో వాళ్లు నెలరోజులు రామెన్ గొప్పలు ఊదారు. ఎట్టకేలకు ఇద్దరు మదాములూ ఒకే శుక్రవారానికి ఒప్పుకున్నారు.

దారిలో పెట్రోలు బంకు దగ్గర దిగి షబానా ఫోన్ చేసింది. "ఆపా, సోహార్ దాటినాం. ఇంగ గంటలో వచ్చేస్తాం."

ఆలస్యం అమృతం విషం అనుకుంది మహబూబీ. మదామ్‌ను తొందరపెట్టి, పిల్లలకు చెప్పులు తొడిగి, ఇంటిల్లిపాదినీ ముందే తెచ్చి వరసలో నిలబెట్టింది. ఫహద్ పద్ధతి ఆమెకేం తెలుసు? పొద్దున ఒకే కుండ చారు కాస్తాడు, అది అయిపోతే అంగడి మూసేస్తాడు. నీళ్లు పోసి పెంచే రకం కాదు.

ఇంట్లోవాళ్లు తొమ్మిది మంది, తొమ్మిది గిన్నెలు. ఎన్నడూ లేనిది మదామ్, "నువ్వూ తిను, మమ్మల్ని తెచ్చింది నువ్వే కదా" అని పదోది ఆమె ముందు పెట్టించింది. దయ కూడా ఆరోజే పుట్టాలా! సగం తిన్నాక ఫహద్ "ఖలాస్" అంటూ కుండ బోర్లించి, గేటుకు మూసేసినట్టు బోర్డు తగిలించాడు.

మహబూబీ గిన్నె పక్కన పెట్టి లేచింది. కిటికీ అద్దంలోంచి చూస్తుండగానే ఒక తెల్లబండి వచ్చి, బోర్డు చూసి, ఇంజనైనా ఆపకుండా వెనక్కి తిరిగింది. వెనక కిటికీలో షబానా ముఖం. చంకలో పిల్లాడితోనే పరుగెత్తింది మహబూబీ. గేటు చేరేసరికి దుమ్మే మిగిలింది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా చెల్లెలు ఎత్తలేదు. వాళ్ల సార్ బండిలో ఉంటే ఎత్తనియ్యడు.

ఇల్లు చేరాక సాయంత్రం షబానాయే చేసింది.

"ఒక్క నిమిషం ఆపమంటే సార్ అరిసినాడు. ఆపా, నువ్వు లోపలుండావా?"

నోట్లో ఇంకా ఆ చారు రుచే ఉంది. అబద్ధం చెప్పక తప్పలేదు.

"లేదు మే. మా మదామ్ ఒప్పుకోలా. ఇంట్లోనే ఉంటి."

"పోనీలే ఆపా," అంది షబానా, గుండెల మీది బరువు దించుకున్నట్టు. "నువ్వు లోపలుండి నేను ఎనక్కి వచ్చేసింటే సచ్చిపోయేదాన్ని."