సైలెన్సరు తీసేసిన కారు

ఎదురింటి కుర్రాడు కొత్త స్పోర్ట్స్ కారు స్టార్టు చేస్తే చాలు, కిటికీలు మూసినా సగం కాలిన పెట్రోలు కంపు మా వంటింటి దాకా వచ్చి కూర్చుంటుంది. యాక్సిలరేటరు మీంచి కాలు తీసినప్పుడల్లా వెనక గొట్టంలో ఢాంఢాంమని పేలుళ్లు. మిగిలిపోయిన పెట్రోలు వేడి గొట్టంలో అంటుకోవడం వల్ల వచ్చే ఆ చప్పుడును పనిగట్టుకుని పెట్టించుకున్నాడట. తాడేపల్లిగూడెంలో మా వీధి వీధంతా తలుపులు వేసుకుంటుంది.

ఈ విద్య నాకు చిన్నప్పుడే తెలుసు. పెంటపాడులో, కుప్పనూర్పుల దుమ్మూ, ఉడుకుతున్న ధాన్యం ఆవిరీ, నానమ్మ ఎండబెట్టిన వడియాల ఇంగువ వాసనా కలిసిపోయే శీతాకాలపు పొద్దుల్లో, మా బాబాయి పందెం కార్ల బొమ్మల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాడు.

"ఇంజనులో ప్రతి పేలుడూ ఒక దెబ్బమ్మా. సిలిండర్లెన్ని, ఏ వరసలో పేలతాయి, గొట్టాలెంత పొడుగు, ఎంత లావు, ఎక్కడ కలుస్తాయి, దాన్నిబట్టే కారు గొంతు" అనేవాడు. సైలెన్సరులోని చిల్లుల గొట్టమూ, దాని చుట్టూ కూరిన పీచూ ఆ గొంతు నొక్కేస్తాయట. అందుకే తన పాత కారుకి ఏలూరులో సైలెన్సరు పీకించి, ఉత్త గొట్టం వేయించుకొచ్చాడు. ఆ రోజు మా గేదెలు పలుపులు తెంపుకున్నాయి.

"ఏంట్రా ఈ దిక్కుమాలిన రొద!" అని నానమ్మ చెవులు మూసుకుంది.

కొత్తగా కాపురానికొచ్చిన పిన్నికి గూడబాతుల్ని, అదే పెలికాన్లని, చూపిస్తానని, నన్నూ ఎక్కించుకుని కలిదిండి వైపు తీసుకెళ్లాడు. కొల్లేటి గట్టున తుమ్మచెట్ల నిండా గూళ్లు, గూళ్ల నిండా ఈకలైనా రాని పిల్లలు. చేపల నీచు వాసన మధ్య తల్లులు గొంతుసంచులు తెరిస్తే, పిల్లలు అందులో తలలు దూర్చి తింటున్నాయి. పిన్ని రెప్ప వేయకుండా చూస్తోంది.

"ఎగిరితే ఇంకా బాగుంటాయి చూడు" అంటూ బాబాయి ఉన్నచోటే యాక్సిలరేటరు అదిమాడు.

చెట్లన్నీ ఒక్కసారిగా లేచిపోయినట్టయింది. ఆ తోపులాటలో గూళ్లు చెదిరి పిల్లలు కిందికి రాలాయి. బురదలో గులాబీరంగు ముద్దలు, ఇంకా నోళ్లు తెరుస్తూనే ఉన్నాయి. కాకులు దిగాయి. నేను కారులోనే వాంతి చేసుకున్నాను.

"ఆపండి!" అంది పిన్ని.

"పక్షులేగా, మళ్లీ పెడతాయిలే" అని నవ్వి, ఇంకోసారి అదిమాడు.

పిన్ని తలుపు తీసుకుని దిగి, నా మూతి తన కొంగుతో తుడిచి, చెయ్యి పట్టుకుని నడిపించింది. కారు గుర్రుమంటూ మా వెనకే వచ్చింది.

"ఎక్కు, జనం చూస్తున్నారు."

"చూడనివ్వండి. ఆ గొట్టం ఊడదీసేదాకా నేనెక్కనండీ."

బస్సులో ఇల్లు చేరాం. పిన్ని పంతానికి బాబాయి మళ్లీ సైలెన్సరు వేయించాడు. అయితే ఆ పిల్లల గురించి ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు; "పాపం, దాని గొంతు చచ్చిపోయింది" అని కారు మీద మాత్రం జాలిపడ్డాడు. ఆ మాట విన్నప్పుడు, వడ్డిస్తున్న పిన్ని గరిటె అక్కడే వదిలేసి లేచి వెళ్లిపోయింది.

మొన్న ఆ గట్టుకి వెళ్లాను. తుమ్మచెట్లు లేవు, తుంగ లేదు. కంటికి ఆనినంత మేరా చేపల చెరువులు, మేత కుళ్లిన కంపు. ఒకాయన గట్టు మీద టపాకాయలు పేలుస్తున్నాడు.

"ఎందుకండీ?" అని అడిగాను.

"పిట్టలు వాలకుండానండీ" అన్నాడు ఎంతో మర్యాదగా.

తలెత్తి చూశాను. ఆకాశంలో ఒక్క పిట్టా లేదు. ఆయన ఇంకోటి వెలిగించాడు.