నాంచారమ్మ గోళ్ళు

1946, ఆషాఢ మాసం. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక డాక్టరమ్మగారు నడిపే ఆడవాళ్ళ ఆస్పత్రిలో నేను నర్సును. వచ్చినవాళ్ళను ముందు నేనే చూసేదాన్ని. ఎవరిని లోపలికి పంపాలో, ఎవరికి అక్కడికక్కడే ఏదో చెప్పి పంపెయ్యాలో నేనే తేల్చేదాన్ని. ఆరేళ్ళ అనుభవం నాది. నోరు కూడా దానికి తగ్గట్టే ఉండేది.

గన్నవరం దగ్గరి పల్లెనుంచి నాంచారమ్మ అనే నేతవారి కోడలు వచ్చింది. ఐదో నెల.

"నర్సమ్మగారూ, గోళ్ళు పెళుసైపోయి ఊరికే విరుగుతున్నాయండీ. మగ్గం మీద పోగు తెగితే అతకలేకపోతున్నాను. మా ఆయన విసుక్కుంటన్నాడు" అంటూ చేతులు చాపింది. పది వేళ్ళకీ ఎర్రగా పండిన గోరింటాకు.

డ్యూటీలో మాకు గోరింటాకు పనికిరాదు. ఆ ఎరుపు చూసి కడుపు మండిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

"గోరింటాకు పెట్టుకునే తీరికుంది గానీ గోళ్ళు చూసుకునే తీరిక లేదూ? గోళ్ళకి కూడా డాక్టరమ్మగారు కావాల్సొచ్చారా నీకు?" అన్నాను. బెంచీ మీది ఆడవాళ్ళంతా నవ్వారు. సిగ్గుపడుతూ తనూ నవ్వింది.

"కాస్త ఆయాసంగా కూడా ఉంటందండీ."

"కడుపుతో ఉంటే ఆయాసం రాక ఇంకేమొస్తుందమ్మా? రోజూ ఆముదం రాసుకో, పో."

ఆముదం మంచిదే. చేతులు ఎక్కువసేపు తడిలో నాననివ్వకపోవడం, గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోవడం కూడా మంచివే. కానీ ఒంట్లో రక్తం తగ్గితే పైపూత ఏం చేస్తుంది? దాన్ని మేం ఎనీమియా అంటాం. అది ముదిరితే గోరు పాలిపోయి, పల్చబడి, మధ్యలో గుంట పడుతుంది. అలాంటివాటిని స్పూన్ నెయిల్స్ అంటారు. ఇదంతా నేను చదువుకున్నదే. గోరింటాకు కింద పాలిపోవడం కనపడలేదు, సరే. గుంట తెలియాలంటే చెయ్యి పట్టుకుంటే చాలు. నేను పట్టుకోలేదు.

రెండు నెలలకి ఆమెను జట్కాలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. కాళ్ళు వాచిపోయాయి, ఊపిరి అందడం లేదు. డాక్టరమ్మగారు ఆమె వేలు పట్టుకుని గోటి మీద ఒక నీటిచుక్క వేశారు. అది జారలేదు, గుంటలో నిలిచిపోయింది. వెంటనే రక్తం పట్టడానికి ఐరన్ మిక్స్చర్, లివర్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. బిడ్డకి అవేవీ అందలేదు. మర్నాడే చచ్చిపుట్టాడు, మగపిల్లాడు. తల్లి మాత్రం దక్కింది.

నాలుగోరోజు రౌండ్స్‌లో, అంటే మంచం మంచానికీ వెళ్ళి చూసేటప్పుడు, డాక్టరమ్మగారు మండిపడ్డారు.

"ఇంతదాకా తెచ్చుకుంటారా ఎవరైనా? రెండు నెలల ముందొస్తే బిడ్డ బతికేవాడేమో గదమ్మా! ఎందుకు రాలేదు?"

నాంచారమ్మ నావైపు చూసింది. తర్వాత తల దించుకుని, "తప్పయిపోయిందండీ" అంది. అంతే.

"వచ్చిందండీ, నేనే పంపేశాను" అనడానికి ఎంతసేపు పడుతుంది? ఛీ, ఉద్యోగం పోతుందన్న భయంతో చార్టు పట్టుకుని పక్క మంచానికి నడిచాను.

ఆ తర్వాత పాతికేళ్ళు పనిచేశాను. ఎవరొచ్చినా ముందు చెయ్యి పట్టుకుని, చెప్పేదంతా చెప్పనిచ్చాను. ఓపికగల నర్సని పేరు కూడా వచ్చింది. పొగిడినప్పుడల్లా తల వంచుకునేదాన్ని. నేను అనాల్సిన ఆ "తప్పయిపోయింది" అన్న మాటను, పొత్తిళ్ళు ఖాళీ అయిన తల్లి చేత అనిపించాను.