బావగారి కంటికి తగిన గ్రీకు చరిత్ర

రెండు వేల నాలుగు వేసవిలో ఒకరోజు నా టైలరింగ్ కొట్టుకి తాళం వేసి, జగ్గయ్యపేటలో పొద్దున ఏడింటి విజయవాడ బస్సెక్కాను. పనల్లా ఒక పుస్తకం కొనడం. ఎనిమిదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టినవాణ్ణి పుస్తకం కోసం వెళ్తున్నానంటే మా వీధిలో ఒక్కరూ నమ్మలేదు.

నందిగామలో బావగారు ఎక్కారు. మా అక్క భర్త, హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. కుడికన్ను అప్పటికే పోయింది. ఎడమదీ ఏడాదిలోపు పోతుందని డాక్టరు చెప్పాడు.

"ఉన్న చూపు ఒక్క పెద్ద పుస్తకానికి సరిపోద్ది రత్నం. గ్రీకుల యుద్ధం పూర్తి చేస్తా," అన్నారాయన.

గ్రీకు ఊళ్లు తమలో తాము కొట్టుకున్న కథ. రెండున్నర వేల ఏళ్ల కిందట, ఆ గొడవ చూసినవాడే రాశాడట. కాలేజీలో బావగారు సగం చదివి వదిలేశారు. ఇంగ్లీషులో దానికి అనువాదాలు చాలా ఉన్నాయి. తప్పుడుది కొంటే రెండోదానికి కన్ను మిగలదు.

"ఇంట్లో గొడవలు చాలవా బావగారూ, గ్రీకులవి కూడా కావాలా?"

"మీ అక్కతో గెలిచే దారి అందులో ఉందేమో చూస్తా."

బెజవాడ బస్టాండులో ఇడ్లీ తిన్నాం. వెళ్లేవాళ్లకి ఒక మాట: చట్నీ బాగుంది, సాంబారు జోలికి పోకండి. ఏలూరు రోడ్డులో మూడో కొట్లో రెండు అనువాదాలు దొరికాయి. ఒకటి పాతది, నల్ల అట్ట, పెద్ద అక్షరాలు. రెండోది ఈమధ్యది, మ్యాపులున్నాయి గానీ అక్షరాలు చిన్నవి. మెడలో మర్చిపోయి వచ్చిన టేపు తీసి అక్షరాలు కొలిచాను.

"నల్లదే తీసుకోండి, ఒంటికి సరిపోద్ది."

ఆయన వినలేదు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది బావగారే. పాత బైబిలూ కొత్త బైబిలూ రెండూ పైకి చదివి, ఏది జనానికి ఎక్కుతుందో చూస్తారు. పాతది చదివితే అందరం ఆమెన్ అంటాం, కొత్తది చదివితే అర్థమై తల దించుకుంటాం. కొట్లోనూ అదే మొదలెట్టారు. నల్ల పుస్తకం పైకి చదువుతూ అక్కడికక్కడే తెలుగులో చెప్పబోయి, ఎవరు ఎవర్ని కొట్టారో అంతుపట్టక వెనక్కెళ్లారు.

"ఆమెన్," అన్నాను.

తర్వాత కొత్తదాంట్లో అదే చోటు. ఓడిపోయిన సైన్యం దాహంతో ఏట్లో దిగుతుంది. గట్టు మీద నుంచి శత్రువులు కొడుతున్నా, బురదా నెత్తురూ కలిసిన నీళ్ల కోసం ఒకళ్లనొకళ్లు తోసుకుంటారు. బావగారు ఎక్కడా ఆగలేదు. కొట్టాయన బేరం వదిలేసి వింటున్నాడు. ఎప్పుడో చచ్చిపోయిన మనుషుల దాహం రెండు భాషలు దాటొచ్చి నా గొంతు ఎండగట్టింది.

"అక్షరాలు చిన్నవండి," అన్నాను నెమ్మదిగా.

"భూతద్దం కొంటా. ఒక్కో వాక్యం మూడుసార్లు చదివే ఓపిక ఈ కంటికి లేదు."

పక్క కొట్లోనే భూతద్దం కొని, నాలుగింటికి తిరుగు బస్సెక్కాం. కుదుపుల్లో చదివితే చూపు దండగని బావగారు పుస్తకం సంచిలో పెట్టి ముడేశారు. పక్క సీట్లో ఖాళీ గంపతో, పరిటాలలో దిగాల్సిన పెద్దావిడ ఒకామె ఉంది. ఏం పుస్తకమని అడిగితే, నాకొచ్చినట్టు ఏటి కథ చెప్పాను.

"మరి ఆ నీళ్లు తాగినోళ్లు బతికారా అయ్యా?"

నాకు తెలియదు. బావగారి వైపు చూశాను.

"వద్దులే, ఆయనకి కళ్లు బాలేనట్టుంది," అందామె.

బావగారు ముడి విప్పారు. కిటికీ వెలుగులో భూతద్దం పెట్టి, చదువుతూ తెలుగులో చెప్పారు. బతికినవాళ్లని రాళ్ల గనుల్లో తోసేశారు. పైన నీడ లేదు, పగలంతా ఎండ, గుక్కెడు నీళ్లు.

"మా పెద్దోడు క్వారీలోనే చేస్తాడు," అందామె. "ఎండలో రాయి ఎట్టా కాలుద్దో వాడి కాళ్లు చూస్తే తెలుద్ది. రాసినాయన కూడా చూసే రాశాడయ్యా."

కండక్టరు "పరిటాల, పరిటాల" అని రెండుసార్లు అరిచాడు. అంతెత్తు ఆంజనేయుడి విగ్రహం కిటికీ పక్కనుంచి వెళ్లిపోయినా ఆవిడ కదల్లేదు. ఊరు దాటిపోయిందని కంచికచర్లలో గానీ తెలియలేదు. "వెనక్కి పోయే బస్సులుంటయ్యిలే," అంటూ గంప ఎత్తుకుని దిగింది.

"ఇక చాలు బావగారూ, చూపు అయిపోద్ది," అన్నాను.

"అవనీ రత్నం. ఇందుకేగా దాచుకుంది."

నందిగామ దాకా ఆయన ఆపలేదు. బస్సు కుదుపులకి పేజీ కదలకుండా రెండు చేతులతో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను.