ఎరవు గొడ్డలి మాస్టారు

చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన ఆయన్ని వీధివీధంతా గొడ్డలి మాస్టారనే పిలుస్తుంది. ఆయన చేతిలో గొడ్డలిని చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. యూదుల పాత గ్రంథంలో, ఎలీషా ప్రవక్త నీళ్లలో మునిగిన గొడ్డలిని తేల్చిన కథ ఒకటుంది. పట్టుమని పది వాక్యాలు లేవు. వాటి మీదే మాస్టారి జుట్టు నెరిసిపోయింది.

ప్రవక్త శిష్యులు ఇల్లు కట్టుకుందామని నది ఒడ్డున చెట్లు కొడుతుంటారు. ఒకడి గొడ్డలి పిడి నుంచి ఊడి నీళ్లలో పడుతుంది. అయ్యో, అది ఎరవు తెచ్చిందే అని వాడు గొల్లుమంటాడు. ప్రవక్త ఒక కొమ్మ నరికి అక్కడ వేస్తే ఇనుము తేలుతుంది. కొమ్మతో అడుగు కెలికి పైకి లాగి ఉంటాడని కొందరు పండితుల వాదం. మాస్టారికి ఆ తగువు పట్టదు. ఆ రోజుల్లో ఇనుము అపురూపం. ఎరవు గొడ్డలి పోతే పేదవాడికి కొంప మునిగినట్టే. ఆ గ్రంథంలో ఈ కథకు ముందు ఒక సేనాపతి రోగం, వెనక రాజుల యుద్ధం, మధ్యలో ఈ పేదవాడి గోడు. అసలు మహిమ ఇనుము తేలడంలో లేదు, దాచకుండా 'అయ్యో' అనడంలో ఉంది. ఇదీ ఆయన సిద్ధాంతం.

దాన్ని రాసుకోవడానికి అట్టముక్కలు కావలసి వచ్చాయి. కింది వాటాలో అక్కగారి కుట్టు దుకాణం ఉంది. బట్టలు కోసే కత్తెరకు కాగితం చూపించడం అక్కడ మహాపాపం, పదును చస్తుంది. ఆవిడ భోజనానికి లేచినప్పుడు మాస్టారు ఆ కత్తెరనే పైకి పట్టుకెళ్లి, దొంతర్ల కొద్దీ అట్టలు కోసి, మొండి చేసి, పుస్తకాల వెనక దాచేశారు. అడిగితే "నాకేం తెలుసక్కా" అన్నారు. నింద పోయి దుకాణంలో కాజాలు కుట్టే ఆవిడ మీద పడింది. మహా పరిశోధకుడు కదా, అదీ విన్నారు, ఊరుకున్నారు.

గ్రంథాలయంలో గొడ్డలి కథ మీద ఆయన ప్రసంగం నాడు అక్కగారు ముందు వరుసలో కూర్చుని అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది.

"ఎంత బాగా చెప్పావురా! ఆ కుర్రాడిలా మన కాజాలు కుట్టేదానికీ నోరుంటే ఎంత బావుండేది. కత్తెర ఏం చేశావే అంటే ఒకటే ఏడుపు. పొద్దున్నే పని మానిపించేశాను" అంది మెట్లు దిగుతూ.

మాస్టారు గతుక్కుమన్నారు. ఒంటిమీది కొత్త చొక్కాకు కాజాలు కుట్టింది ఆవిడే. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"అక్కా, కత్తెర నా దగ్గరే ఉంది. ఎరవు తెచ్చుకున్నాను."

"అడిగి తెచ్చుకుంటే ఎరవంటారు. దీన్నేమంటారో నీ పుస్తకాల్లోనే చూసుకో." అక్కగారు మొహం తిప్పుకుంది. "నాకు కాదు, ముందు వెళ్లి ఆవిడకు చెప్పు."

దారి పొడుగునా మాస్టారు మాటలు కూర్చుకున్నారు. పీఠిక కూడా కుదిరింది. తీరా ఆవిడ ఇంటికి వెళ్లి తలుపు తడితే, ఆవిడే తీసింది.

"అయ్యో" అన్నారు, అంతే.

ఆవిడ కంగారుపడి లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసింది. "ఏమైంది మాస్టారూ? ఒంట్లో బాగాలేదా? కూర్చోండి."

"కత్తెర తీసింది నేనమ్మా. మిమ్మల్ని అంటుంటే విని ఊరుకున్నాను" అన్నారు నిలబడే.

ఆవిడ కుర్చీ ఎత్తి లోపలికి పట్టుకుపోయింది.