ఇసుకలో పెట్టిన బిడ్డ

పెళ్ళయిన చాలా ఏళ్ళకు నా కడుపు పండింది. పుట్టిన బిడ్డకు రామేశ్వరంలో సముద్రస్నానం చేయిస్తానని మా ఆయన మొక్కుకున్నాడు. పాంబన్ దగ్గర సముద్రం మీద రైలు వంతెన వేశారు కదా, ఇంకేం భయమన్నాడు. కడప జిల్లాలో మగ్గం గుంట తప్ప లోకం చూడని మనిషి. పాలు తాగే పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకొని బయలుదేరాం. దారిలోనే వాడికి జ్వరం తగిలింది. ద్వీపంలో దిగిన మరునాడు, సత్రంలో, నా ఒళ్ళోనే పోయాడు. మైలపడ్డవాళ్ళం, గుడి గడప కూడా తొక్కలేదు.

పసిబిడ్డలను మేము కాల్చం, పూడుస్తాం. మా ఊళ్ళో అయితే వంక ఇసుకలో. ఆ వంక ఏడాదికి ఒక పూట పారితే పారుతుంది, లేకుంటే అదీ లేదు. ఇసుక అంటే మాకు నీళ్ళు రాని చోటు. ఆడవాళ్ళు వెంట పోకూడదు కాబట్టి ఆయన ఒక్కడే ఎత్తుకొనిపోయి, సముద్రం ఒడ్డున మెత్తటి ఇసుక చూసి పెట్టి వచ్చాడు. నక్కలు తవ్వకుండా పైన ముళ్ళకంప వేశానన్నాడు.

మూడోనాడు పాలు పోయాలి. చంటిబిడ్డ పోతే తల్లి తన పాలే పిండి ఆ మట్టిమీద పోయడం మా ఇండ్లలో ఆచారం. లేకుంటే బిడ్డ ఆకలితో తల్లిని వెదుక్కుంటూ తిరుగుతాడని మా అత్త చెప్పేది. అప్పటికి నా రొమ్ములు గడ్డకట్టి సలుపుతున్నాయి. వాడికి ఇవ్వాల్సింది ఇంకా ఒకటి నా దగ్గర ఉందని ఆ నొప్పిని కూడా ఇష్టంగానే ఓర్చుకున్నాను.

ఒడ్డుకు పోతే కంపా లేదు, దిబ్బా లేదు.

"ఏమయ్యా, యాడ పెట్టినావు?"

"ఈడే మే. తాటిచెట్లకు ఎదురుగా."

తాటిచెట్లు ద్వీపమంతా ఉన్నాయి.

"నేసే పంచె అంచులో ఒక్క పోగు తప్పవు, బిడ్డను పెట్టిన చోటు తప్పినావా?" అని నోటికొచ్చినట్టు తిట్టాను.

ఒడ్డు పట్టుకొని నడిచాం. ఒక వంపులో నీళ్ళు చెరువులా కదలకుండా ఉన్నాయి, పిల్లలు గవ్వలేరుతున్నారు. అది దాటితే పడవలు, ఆరేసిన వలలు. ఇంకో వంపులో తెల్లగా కనబడితే వాడికి చుట్టిన గుడ్డ అనుకొని పరుగెత్తాను. సముద్రం విసిరిన తెల్లరాయి. ఆ నీళ్ళు ఎంత అందంగా ఉన్నాయో ఇప్పటికీ కండ్లకు కట్టినట్టుంది. ఆ సముద్రం నోట్లో మన్ను పడ అని శపించాను.

పడవ దగ్గర ఒక ముసలాయన కనబడ్డాడు. ఆయన అరవం మాకు రాదు. బిడ్డను ఊపినట్టు, ఇసుక తవ్వినట్టు చేతులతో చూపాను. ఆయనకు అర్థమైంది. నీళ్ళు ఎంత దూరం ఎక్కి వస్తాయో, మళ్ళీ ఎట్లా దిగిపోతాయో చెయ్యి చాపి చూపించాడు.

మా ఆయన అక్కడే కూలబడ్డాడు. "నేను పెట్టేటప్పుడు నీళ్ళు శానా దూరం ఉండె మే," అన్నాడు. కాసేపటికి, "ఈడనే పాలు పొయ్యి. సముద్రమంతా ఒకటే గదా," అన్నాడు.

"ఈడ వాడు లేడు," అన్నాను.

పోయకుండానే సాయంత్రం రైలెక్కాను. వంతెన మీదికి వచ్చేసరికి మా బోగీలో ఎవరిదో పసిబిడ్డ ఆకలికి ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే నా రైక తడిసిపోయింది. మా ఆయన చూసి, భుజం మీది కండువా తీసి నాకు కప్పి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. కండువా కూడా తడిసింది. వంతెన దాటేదాకా ఆ పాలు ఆగలేదు.